కోరంగి ఓడ ఎక్కిన యాస

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడల్లా ఏదో సాకు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. నేను రచయితను కాను. నౌకాదళంలో సర్వే శాఖలో పాతికేళ్ళు పనిచేసి, సముద్రం లోతులు కొలిచి, ఆ అంకెలు రాసుకుని రిటైరైనవాణ్ణి. ఈసారి మాత్రం చెప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది. అందులో కొంత చరిత్ర, కొంత నా సొంత తప్పు కలిసి ఉన్నాయి. రెంటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు, కలిపే రాస్తున్నాను.

2007లో మా సర్వే ఓడ మారిషస్ వెళ్ళింది. రెండు దేశాల మధ్య ఉన్న ఏర్పాటు ప్రకారం మన నౌకాదళపు ఓడలు ఆ దేశపు సముద్రజలాలను కొలిచి పటాలు తయారుచేసి ఇస్తుంటాయి. పోర్ట్ లూయీ రేవులో దిగేసరికే ఇల్లు వదిలి చాలా రోజులైంది. కుటుంబం విశాఖపట్నం క్వార్టర్లలో ఉంది. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఫోను కార్డు కొనుక్కుని మాట్లాడితే నాలుగు మాటలకే డబ్బులు అయిపోయేవి. పగలంతా పనిలో ఏమీ తెలిసేది కాదు గానీ, రాత్రి డెక్కు మీద నిలబడితే గుండెల్లో ఏదో బరువుగా ఉండేది. ఇలాంటి రోజులు మనలో అందరికీ తెలిసినవే, వర్ణించనక్కర్లేదు.

అక్కడి కోస్ట్ గార్డులో పనిచేసే ఒక కుర్రాడు మాతో పాటు పడవలో వచ్చేవాడు. అతని పేరు చివర మన పేరులాంటిదే ఉంది. అడిగితే "మేం తెలుగువాళ్ళం" అని ఇంగ్లీషులో చెప్పాడు. బడిలో తెలుగు చదువుకున్నాడట, అక్షరాలు వచ్చు, మాట్లాడటం రాదు. ఇంట్లో వాళ్ళది క్రియోల్ భాష. ఉగాది ముందటి ఆదివారం భోజనానికి రమ్మని పిలిచాడు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం అని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్ళ ఊరు చెరకు తోటల మధ్య ఉంది. ఇంటి వసారాలో కుర్చీలో ఎనభై దాటిన ముసలమ్మ కూర్చుని ఉంది, ఆ అబ్బాయి నాయనమ్మ. నేను దండం పెట్టగానే నా మొహంలోకి తేరిపార చూసి అంది కదా:

"ఏటి బావూ, ఇండియా నించొచ్చినారా? కూకోండి, కూకోండి. మీదే ఊరు?"

అనంతపురం జిల్లా అన్నాను. ఆమెకు ఆ పేరు తెలీదు. కాసేపు ఆలోచించి, "ఇజీనారం దగ్గిరేనా?" అని అడిగింది.

అంతే. నాకు గొంతు పట్టుకుపోయింది. ఆ అబ్బాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

నిజానికి అది నా యాస కాదు. నేను ధర్మవరం పక్క పల్లెలో పుట్టినవాణ్ణి. మాది "ఏమప్పా, యాడికి పోతాండావు" అనే పలుకు. అయినా ఆ ముసలమ్మ నోట వచ్చిన మాట మా క్వార్టర్ల గేటు దగ్గర కూరగాయలమ్మే అమ్మ మాట, కంచరపాలెం ఆటోవాడి మాట. ఇంకొకరి మాట కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. "విజయనగరం" అని పుస్తకంలో ఉంటుంది, మ్యాపులో ఉంటుంది, బడిలో పంతులు చెబుతాడు. "ఇజీనారం" ఏ పుస్తకంలోనూ నేర్పరు. నోటినుంచి నోటికి రావాలి తప్ప వేరే దారి లేదు. అంటే ఆ ఒక్క మాట మన తీరంలో ఓడ ఎక్కి, హిందూ మహాసముద్రం దాటి, నాలుగైదు తరాల నోళ్ళ మీదుగా ఆ వసారా వరకు వచ్చింది. ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది అని తెలుసుకోవాలనిపించింది. ఆ తర్వాత ఖాళీ దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను.

చెరకు తోటలకు వెళ్ళిన తెలుగు

మారిషస్‌లో చెరకు తోటల పనంతా ఒకప్పుడు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత చేయించేవారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు మనుషులు కావలసి వచ్చింది. ఇంగ్లీషు ప్రభుత్వం మన దేశం వైపు చూసింది. 1834 నవంబరులోనే 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తీసుకుని పోర్ట్ లూయీ చేరింది. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు 5 రూపాయల కూలి. కూలీల ఎగుమతిలో జరిగే మోసాల మీద గొడవ లేచి 1839లో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. మళ్ళీ 1842లో అనుమతించింది. ఆ మరుసటి ఏడు, అంటే 1843లో, తెలుగువారిని తీసుకుని 'కోరంగా పాకెట్' అనే ఓడ మారిషస్ వెళ్ళింది. అక్కడి తెలుగువారు ఈనాటికీ ఆ ఓడ పేరు తలుచుకుంటారు.

ఓడ పేరులో ఉన్నది మన కోరంగి రేవు. కాకినాడకు దగ్గర్లో గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఘోరమైన తుపానులకు దెబ్బతింది. నదీముఖం పూడిపోతూ వచ్చింది, వ్యాపారం కాకినాడకు తరలింది. ఈనాడు కోరంగి అంటే మడ అడవులు చూడటానికి పోయే చోటు. అక్కడ పడవ ఎక్కి తిరిగే సందర్శకుల్లో ఎంతమందికి తెలుసు, ఈ ఊరి పేరు సముద్రం అవతల ఎన్ని దేశాల్లో పలికిందో!

1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా మారిషస్‌కు మన దేశం నుంచి నాలుగున్నర లక్షలకు పైగా కూలీలు వెళ్ళారు. అందులో తెలుగువారు కొద్దిభాగమే. వాళ్ళు దిగిన రేవుమెట్లు పోర్ట్ లూయీలో ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నేనూ ఆ మెట్ల దగ్గర నిలబడ్డాను. చాలా మామూలు రాతిమెట్లు. మోకా అనే చోట ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస వచ్చినవారి రికార్డులు భద్రపరిచారు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ ఓడలో వచ్చారు అన్నీ రాసుకున్న పెద్ద పెద్ద పుస్తకాలవి.

తెల్లదొరల గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్న పేరే ఆ కుటుంబానికి ఇంటిపేరు అయిపోయింది. ఫ్రెంచి భాషలో నవలలు రాసి పేరు తెచ్చుకున్న మారిషస్ రచయిత్రి నతాషా అప్పన్న అలాంటి తెలుగు కుటుంబంలో పుట్టినామెయే. అప్పన్న అంటే ఎవరో విశాఖ జిల్లాలో అడగక్కరలేదు, సింహాచలం కొండ మీది స్వామి. మారిషస్ తెలుగు గుళ్ళలో సింహాద్రి అప్పన్న పూజ జరుగుతుంది. ఇంకా 'అమ్మోరు పండుగ' చేస్తారు. చూడండి, 'అమ్మవారు' కాదు, 'అమ్మోరు'! మన తీరపు పల్లెల్లో ఎలా అంటారో అలాగే. ఊరి పేరు మరిచిపోయినా, ఇంటి భాష క్రియోల్ అయిపోయినా, దేవుడి పేరులో యాస నిలబడింది. తల్లిదండ్రుల ఊరు ఏదో తెలీని మనిషిని, నువ్వు ఏ దేవుణ్ణి ఏ పేరుతో పిలుస్తావని అడిగితే చాలు, ఓడ ఏ తీరాన నిండిందో ఇంచుమించుగా చెప్పొచ్చు.

ఇతరులు మనకు పెట్టిన పేర్లు

మారిషస్ ఒక్కటే కాదు. కోరంగి పేరు బర్మాలో ఇంకా గట్టిగా వినిపించేది. రంగూన్ రేవులో మూటలు మోసే తెలుగు కూలీలను అక్కడ 'కోరంగీలు' అనేవారు. కాకినాడ, విశాఖపట్నం, ఉత్తర తీరపు రేవుల నుంచి పంటపనులు అయిపోయాక వెళ్ళి, కొన్నేళ్ళు సంపాదించుకుని తిరిగి వచ్చేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మావారిని పెట్టుకుని, సమ్మె తీరగానే వాళ్ళను వెళ్ళిపొమ్మన్నారు. దాంతో రెండు వర్గాలకు మధ్య రక్తపాతం జరిగింది. ఇద్దరూ కడుపు చేతపట్టుకుని వచ్చినవాళ్ళే. 1942లో జపానువారు బర్మా మీదికి వచ్చినప్పుడు మనవాళ్ళు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగి వచ్చారు. దారిలో ఎందరో పోయారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలు జాతీయం చేశాక మరికొందరు ఓడల్లో తిరిగి వచ్చారు. విశాఖలో ఉద్యోగం చేసిన మనవాళ్ళందరికీ బర్మా క్యాంపు తెలుసు. ఆ పేరు వెనక ఉన్న కథ ఇది.

మలయాలో మనవాళ్ళకు ఇంకో పేరు ఉండేది, 'క్లింగ్'. కళింగ నుంచి వచ్చిన మాట. మొదట్లో మామూలు మాటే గానీ, తర్వాత దక్షిణ భారతీయులందరినీ కించపరిచే మాటగా మారింది.

మన సిపాయిల చరిత్రలో ఇంకా వింతైన పేరు ఉంది. 1756లో క్లైవు మద్రాసు నుంచి సైన్యంతో బెంగాలు వెళ్ళి, మరుసటి ఏడు జూన్‌లో ప్లాసీ యుద్ధం చేశాడు. ఆ సైన్యంలో మన వైపు సిపాయిలు ఉన్నారు. వాళ్ళను అక్కడివారు 'తిలంగాలు' అన్నారు. క్రమంగా ఉత్తరాదిలో కవాతు నేర్చిన ప్రతి సిపాయికీ అదే పేరు స్థిరపడింది. 1857లో ఢిల్లీలో తిరగబడిన సిపాయిలను ఊరిజనం 'తిలంగే' అనే పిలిచారు. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహారు వాళ్ళు! తెలుగు ముక్క రాని సిపాయి కూడా మన పేరుతోనే పోరాడి చచ్చిపోయాడు.

తిలంగా, కోరంగీ, క్లింగ్. ఈ మూడు పేర్లు తలుచుకుంటే నాకు ఒకటి తోచింది. బయటివాడి కంటికి మనమంతా ఒక్కటే. వాడికి కోస్తా, సీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర అనే తేడాలు లేవు. "ఏటి" అన్నవాడూ, "ఏంది" అన్నవాడూ, "ఏమప్పా" అన్నవాడూ, "ఏమండీ" అన్నవాడూ వాడికి ఒకే మూట. ఈ తేడాలు పట్టుకుని నవ్వుకునేది మనం ఒక్కళ్ళమే.

ఇప్పుడు నా తప్పు

1985లో నేను నౌకాదళంలో చేరాను. శిక్షణ కేంద్రంలో మా బారక్‌లో తెలుగు కుర్రాళ్ళం అయిదుగురం. ఒకడు గుంటూరు, ఒకడు కరీంనగర్, ఒకడు కాకినాడ, నేను అనంతపురం, అయిదోవాడు శ్రీకాకుళం జిల్లా పాలకొండ వైపువాడు. గుంటూరువాడు నా "యాడ"ను వెక్కిరించేవాడు. కరీంనగరువాడి "గట్ల"ను కాకినాడవాడు వెక్కిరించేవాడు. మా నలుగురం కలిసి పాలకొండవాణ్ణి వెక్కిరించేవాళ్ళం. వాడు నోరు తెరిస్తే చాలు, "ఏటి, ఏటి" అని పట్టుకునేవాళ్ళం. వాడికి 'ఏటి' అనే పేరే పెట్టాం. సినిమాల్లో ఆ యాస నౌకరు పాత్రకు, హాస్యానికి పెట్టేవారు. మాకు అంతకన్నా తెలివి లేదు. నన్ను ఎవరైనా వెక్కిరిస్తే నొచ్చుకునేవాణ్ణి, వాణ్ణి నేను వెక్కిరించేటప్పుడు ఆ నొప్పి గుర్తొచ్చేది కాదు.

కొన్ని నెలలకు వాడు మాతో తెలుగు మాట్లాడటం మానేశాడు. మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేవాడు. హిందీ బాగా వచ్చేసిందిరా వీడికి అనుకున్నాం. కారణం మాకు తట్టనేలేదు. పదహారు, పదిహేడేళ్ళ వయసు, ఇల్లు విడిచి మొదటిసారి. రాత్రి దీపాలార్పాక ఎవడికి వాడు దుప్పటి ముసుగులో ఏడ్చుకునే రోజులవి. ఆ రోజుల్లో వాడికి ఇంటినుంచి తెచ్చుకున్నది ఆ మాట ఒక్కటే. దాన్ని మేం లాగేసుకున్నాం.

మారిషస్‌లో ఆ ముసలమ్మ "ఏటి బావూ" అన్నప్పుడు నాకు కళ్ళ ముందు కనబడింది వాడే.

తిరిగి వచ్చాక ఒక బ్యాచ్‌మేట్ ద్వారా వాడి ఫోను నంబరు సంపాదించాను. పదిహేనేళ్ళ సర్వీసు చేసి బయటికి వచ్చి, ఉత్తరాదిలో ఒక పట్టణంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ధైర్యం చేసి ఫోను చేసి, "ఏటి బావూ, బాగున్నావా?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "బాగున్నాను. మీరు ఎలా ఉన్నారు?" అన్నాడు. అచ్చు రేడియో వార్తల తెలుగు. ఒక బారక్‌లో పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళం, 'మీరు' అన్నాడు.

ఆ ముసలమ్మ గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. పిల్లలు ఏం చదువుతున్నారని అడిగి, తెలుగు మాట్లాడతారా అన్నాను. "లేదు, హిందీయే. నాకే అలవాటు తప్పింది, వాళ్ళకెక్కడ వస్తుంది?" అన్నాడు. అప్పుడు చెప్పాను, "ఆ రోజుల్లో మేం చేసింది తప్పురా, నన్ను మన్నించు" అని. వాడు చిన్నగా నవ్వి, "అదేముందిలేప్పా, చిన్నతనం" అన్నాడు.

"లేప్పా" అన్నాడు. అది మా అనంతపురం మాట. నేను వాడి మాట పోగొట్టాను, వాడు నా మాట ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నాడు.

లెక్క సరిచూసుకుందాం

సర్వే శాఖలో మాకు ఒక అలవాటు ఉంటుంది, కొలిచిన లెక్కను రెండోసారి సరిచూసుకోవడం. ఈ విషయంలోనూ సరిచూశాను. ఒకవైపు మారిషస్‌లో చెరకు తోటల్లో చాకిరీ చేస్తూ, రాతకోతలు లేకుండా, చుట్టూ క్రియోల్, భోజ్‌పురి, ఫ్రెంచి, ఇంగ్లీషుల మధ్య ఆ యాస నూటయాభై ఏళ్ళకు పైగా కొనప్రాణంతోనైనా బతికింది. ఇంకోవైపు మన సొంత దేశంలో, సొంత భాషవాళ్ళ మధ్య, ఒక్క తరంలో పోయింది. దాన్ని ఏ పరాయి దొరా నిషేధించలేదు. మన నవ్వు చాలింది.

యాస అంటే చెడిపోయిన భాష అని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. ఇది నిజం కాదని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీకాకుళం ప్రాంతం వారే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గురజాడ 'కన్యాశుల్కం'లో పాత్రల చేత మాట్లాడించింది ఇజీనారం వీధుల పలుకే. 1892లో నాటకం ఆడారు, 1897లో అచ్చయింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా తిరిగి రైతుల మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ మాండలిక పదకోశం తెచ్చారు. ఒకే పనిముట్టుకు ఏ జిల్లాలో ఏ పేరో అందులో చూడొచ్చు. తెలుగును ఆయన నాలుగు మండలాలుగా చూపారు. ఆ నాలుగూ తెలుగే. పత్రికలు, పుస్తకాలు ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి పలుకులో వచ్చాయి కాబట్టి అది 'అసలు' తెలుగు అనిపించుకుంది, అంతే తేడా.

2014లో రాష్ట్రం రెండైంది. మన సంఘంలో రెండు రాష్ట్రాలవాళ్ళమూ ఒకే చాప మీద కూర్చుంటున్నాం. జమ్మూలోనో, జోధ్‌పూర్‌లోనో బదిలీ మీద దిగినప్పుడు రైల్వే స్టేషన్లో ఎవరైనా "ఏంది భయ్" అన్నా, "ఏమండోయ్" అన్నా మనం వెనక్కి తిరిగి చూస్తాం. ఆ తిరిగి చూడటమే మన సంఘం.

అందుకే కార్యవర్గానికి ఒక చిన్న మనవి. వార్షికోత్సవంలో పాటలు, నాట్యాలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు అరగంట సమయం ఉంచండి. ప్రతి ప్రాంతం నుంచి ఒక పెద్దాయన గానీ పెద్దమ్మ గానీ వేదిక మీదికి వచ్చి తమ ఊరి పలుకులో తమ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. పిల్లలు వినాలి. వీలైతే రికార్డు చేసి దాచాలి. ఇప్పుడు జేబులో ఫోను ఉంటే చాలు, ఖర్చేమీ లేదు. ఎవరూ నవ్వకూడదు అని నియమం పెట్టనక్కర్లేదు, చెప్పే సంగతిలో నవ్వుంటే నవ్వుదాం. మాట తీరు చూసి మాత్రం వద్దు.

ఆ రోజు మారిషస్‌లో నేను బయల్దేరబోతుంటే ఆ ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "మల్లీ రా బావూ" అంది. మళ్ళీ వెళ్ళలేకపోయాను. ఆమెకు ఇవ్వలేకపోయిన జవాబు ఇక్కడ ఇలా రాసుకుంటున్నాను: వస్తానమ్మా. ఈలోగా నీ మాట ఇక్కడ పోకుండా చూసుకుంటాం.

జై హింద్.